నింపాదిగా నడిచే పాట: హ్యూస్టన్ తరహా ర్యాప్‌ను ఇంట్లో తయారు చేసుకోవడం ఎలా?

నెమ్మదిగా సాగే ప్రతి పాటా నింపాదిగా ఉంటుందని అనుకుంటే పొరపాటే. ఈ సంగతి నాకు మొదటి ప్రయత్నంలోనే తెలిసివచ్చింది. అమెరికా దక్షిణాది ర్యాప్, అందులోనూ టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్, పోర్ట్ ఆర్థర్ నగరాల పాటలు విని విని, అలాంటిదొకటి చేద్దామని కూర్చున్నాను. వేగాన్ని నిమిషానికి 68 బీట్లకు దించి, డ్రమ్ములన్నింటినీ గ్రిడ్ గీతల మీద, అంటే సాఫ్ట్‌వేర్ కాలాన్ని సమాన గళ్లుగా విడగొట్టే గీతల మీద, అతి శ్రద్ధగా పేర్చి వినిపిస్తే, మా తమ్ముడు "అన్నా, సెల్లులు అయిపోయిన టేప్‌రికార్డర్‌లా ఉంది" అన్నాడు. విచిత్రమేమిటంటే, హ్యూస్టన్‌కు పేరు తెచ్చిపెట్టిన శబ్దం కూడా అక్షరాలా అదే: వేగం తగ్గించిన టేపు. మరి అక్కడ హాయిగా వినిపించేది నా దగ్గర నీరసంగా ఎందుకు వినిపించిందన్న ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ అడుగు అడుగునా వివరిస్తున్నాను. మీకు ఒక ల్యాప్‌టాప్, ఎఫ్‌ఎల్ స్టూడియో, రీపర్ వంటి ఏదో ఒక సంగీతం తయారుచేసే సాఫ్ట్‌వేర్, ఒక మామూలు మైకు, మంచి హెడ్‌ఫోన్లు ఉంటే చాలు.

ముందుగా చెవిని సిద్ధం చేసుకోండి

పని మొదలుపెట్టే ముందు రెండు రోజులు వినడానికే కేటాయించండి. మొదట పోర్ట్ ఆర్థర్‌కు చెందిన యూజీకే జంట, అంటే పింప్ సీ, బన్ బీ కలిసి చేసిన పాటలను వినండి. వారి 1996 నాటి 'రైడిన్ డర్టీ' ఆల్బమ్ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. పోర్ట్ ఆర్థర్ చమురు శుద్ధి కర్మాగారాల ఊరు. అక్కడి చర్చి ఆర్గాన్, బ్లూస్ గిటారు, పాత సోల్ పాటల బరువు పింప్ సీ సంగీతంలో స్పష్టంగా తెలుస్తాయి. తాము చేసేదాన్ని ఆయన 'కంట్రీ ర్యాప్ ట్యూన్స్' అని పిలుచుకునేవాడు, అంటే పల్లె వాసన పోని ర్యాప్ అన్నమాట. న్యూయార్క్ ర్యాప్‌ను గీటురాయిగా పెట్టి దక్షిణాదిని తక్కువగా చూసే రోజుల్లో, ఆ పేరులో కాస్త పౌరుషం కూడా ఉంది.

ఆ తరువాత డీజే స్క్రూ టేపులు వినండి. ఆయన అసలు పేరు రాబర్ట్ ఎర్ల్ డేవిస్ జూనియర్. 1971లో పుట్టి, హ్యూస్టన్ దక్షిణ భాగంలో ఉంటూ, 1990ల పొడుగునా ఇంట్లో కూర్చుని బూడిద రంగు క్యాసెట్ల మీద వేగం తగ్గించిన తన మిక్సులను రికార్డు చేసి, ఇంటి నుంచే అమ్మేవాడు. 1998లో వాటి కోసమే ఒక దుకాణం తెరిచాడు. స్నేహితుడి పుట్టినరోజు సందర్భంగా 1996లో రికార్డు చేసిన ఒక ట్రాక్‌లో ఒకరి తరువాత ఒకరు అప్పటికప్పుడు అల్లి పాడుతూ అరగంటకు పైగా ఒకే బీటు మీద సాగిపోతారు. అంతసేపూ ఎవరికీ తొందర ఉన్నట్టు అనిపించదు.

వినడానికి ఒక పద్ధతి ఉంది. ఒకే పాటను మూడుసార్లు పెట్టుకోండి. మొదటిసారి అడుగున ధిమ్మని మోగే కిక్ డ్రమ్‌తో పాటు పాదం ఆడించండి. రెండోసారి టప్పుమనే స్నేర్ డ్రమ్ పడినప్పుడల్లా చప్పట్లు కొట్టండి. మీ చప్పట్లు స్నేర్ కంటే రవంత ముందే పడుతున్నట్టు తోస్తే కంగారు పడకండి, ఎందుకంటే ఈ గైడులోని సగం విషయం ఆ రవంతలోనే ఉంది. మూడోసారి గాయకుడి మాటల చివరలను మాత్రమే పట్టించుకోండి. ఆ మాటలు బీటు మీద వాలుతున్నాయా, బీటు దాటిన తరువాత తాపీగా వచ్చి కూర్చుంటున్నాయా అన్నది గమనించండి.

వేగం, డ్రమ్ములు

ప్రాజెక్టు వేగాన్ని 84 దగ్గర పెట్టండి. నా మొదటి ప్రయత్నంలోలాగా ఇంకా కిందికి దించాలన్న ఆత్రాన్ని ఇప్పటికి ఆపుకోండి, దించే పని చివరలో టేపు పద్ధతిలో చేస్తాం. 84 వేగంలో ఒక బీటు 714 మిల్లీసెకన్లు, నాలుగు బీట్ల బార్ 2.86 సెకన్లు, పదహారు బార్ల వర్స్ (చరణం) దాదాపు 46 సెకన్లు పడుతుంది. ఈ లెక్కలు కాగితం మీద రాసి పెట్టుకుంటే తరువాత పనికొస్తాయి.

ఒక బార్‌ను పదహారు గళ్లుగా చూస్తే, స్నేర్‌ను 5, 13 గళ్లలోను, కిక్‌ను 1, 8, 11 గళ్లలోను పెట్టండి. హై-హ్యాట్‌ను, అంటే డ్రమ్ సెట్‌లోని లోహపు తాళాల జతను, బేసి గళ్లలో మాత్రమే, అంటే బార్‌కు ఎనిమిదిసార్లు మోగించండి. అక్కడక్కడ ఒక సరి గడిలో అతి మెల్లగా ఒక దెబ్బ చేర్చవచ్చు. హై-హ్యాట్‌ను గడగడలాడించే వరసలు తరువాతి కాలపు ట్రాప్ సంగీతానికి బాగుంటాయి గాని, ఇక్కడ అవి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి చెవి దగ్గర దోమలా తయారవుతాయి. హై-హ్యాట్ దెబ్బల బలాన్ని కూడా ఒకే స్థాయిలో ఉంచకండి. 127 గరిష్ఠంగా ఉండే కొలతలో 95, 60, 85, 55 అన్నట్టుగా హెచ్చుతగ్గులు ఇస్తే కర్ర పట్టుకున్న చేయి కనబడుతుంది.

కిక్, స్నేర్ శబ్దాల కోసం రోలాండ్ కంపెనీ 1980లో విడుదల చేసిన టీఆర్-808 డ్రమ్ మెషీన్ నమూనాలను వాడుకోవచ్చు. అయితే స్నేర్‌కు మాత్రం 808 శబ్దం కింద నిజమైన డ్రమ్ సెట్ స్నేర్‌ను పలచగా కలపమని నా సలహా. యూజీకే పాటల్లో వినిపించే ఆ మనుషులు వాయించిన వెచ్చదనం ఒట్టి యంత్రంతో రాదు.

ఆలస్యాన్ని పంచడం

ఇక అసలు పని ఇది, దీనికి ఒక సాయంత్రం మొత్తం పట్టినా తప్పులేదు. నింపాదితనం వాయిద్యాలన్నీ ఆలస్యంగా రావడం వల్ల పుట్టదు. అన్నీ సమానంగా ఆలస్యమైతే చెవికి అసలు ఆలస్యమే తెలియదు, పాట మొత్తం ఒక అడుగు పక్కకు జరుగుతుంది, అంతే. ముహూర్తానికి పురోహితుడు పీటల దగ్గర ఉండి తీరాలి. మేనమామ నిదానంగా వచ్చినా పెళ్లి ఆగదు. ఈ పాటలో పురోహితుడు కిక్ డ్రమ్. దానిని గ్రిడ్ గీత మీద నుంచి ఒక్క మిల్లీసెకను కూడా కదపకండి.

తరువాత స్నేర్‌ను పట్టుకోండి. గ్రిడ్‌కు అతుక్కునే స్నాప్ సదుపాయాన్ని ఆపేసి, స్నేర్ ట్రాక్ మొత్తాన్ని 5 మిల్లీసెకన్లు వెనక్కి, అంటే ఆలస్యంగా పడేలా, జరిపి వినండి. ఏమీ మారినట్టు అనిపించదు. 15కు జరపండి. ఇప్పుడు కిక్ పడిన తరువాత ఎవరో ఊపిరి పీల్చుకుని, కుర్చీలో వెనక్కి వాలి, అప్పుడు చప్పట్లు కొట్టినట్టుగా ఉంటుంది. కుతూహలం కొద్దీ 40కి జరిపి చూడండి; అప్పుడది తాళం తప్పిన వాయిద్యగాడి పనిలాగే వినిపిస్తుంది. ఈ వేగంలో నాకు 12 నుంచి 18 మధ్య స్నేర్ బాగా కుదిరింది. మీరు ఎంచుకున్న స్నేర్ శబ్దపు మొదలు మెత్తగా ఉంటే 12 చాలు, పదునుగా ఉంటే 18 దాకా వెళ్లవచ్చు.

హై-హ్యాట్ సంగతి వేరు. దానిని మొత్తంగా వెనక్కి జరపకుండా, స్వింగ్ అనే సదుపాయాన్ని వాడండి. స్వింగ్ 50 శాతం ఉంటే దెబ్బల మధ్య దూరాలు సమానంగా ఉంటాయి. 56 శాతం చేస్తే, జతలో మొదటి దెబ్బ తన చోటనే ఉండి, సరి గడిలోని రెండో దెబ్బ దాదాపు 21 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంది. ఒకటి సమయానికి, ఒకటి ఆలస్యంగా అన్న ఈ కుంటి నడకే తల ఊగేలా చేస్తుంది. కిక్ 8వ గడిలో ఉంది కాబట్టి, దానికి స్వింగ్ తగలకుండా చూసుకోండి; చాలా సాఫ్ట్‌వేర్లలో స్వింగ్ ఒకేసారి అన్ని డ్రమ్ములకూ వర్తిస్తుంది, అందువల్ల కిక్‌ను వేరే ట్రాక్‌లో ఉంచడం మంచిది.

గిటారును 20 నుంచి 25, గొంతును 30 నుంచి 40 మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా రానివ్వవచ్చు. అయితే వీటిని మౌస్‌తో జరపడం కంటే, వాయించే వారికి, పాడే వారికి వెనక్కి వాలి కూర్చోమని చెప్పడం ఎక్కువ ఫలితమిస్తుంది. మనిషి ప్రతి దెబ్బకూ ఒకే కొలతలో ఆలస్యం కాడు; ఆ తేడాను మౌస్ తెచ్చిపెట్టలేదు. నా 68 వేగపు పాటలో లోపించింది ఇదే: అందులో అందరూ నెమ్మదిగా ఉన్నారు గాని, ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు.

అడుగున 808

దక్షిణాది పాటకు బేస్ అంటే కారు డిక్కీలోని స్పీకరు కోసం చేసేది. హ్యూస్టన్‌లో 'స్లాబ్' అని పిలిచే కార్ల సంస్కృతి ఉంది: మిఠాయిలా మెరిసే రంగు, చక్రాల నుంచి మోచేతుల్లా బయటికి పొడుచుకువచ్చే రిమ్ములు, డిక్కీ నిండా స్పీకర్లు. వెడల్పయిన, చదునైన రోడ్ల మీద అలాంటి కారును ఎవరూ వేగంగా నడపరు, ఎందుకంటే నలుగురూ చూడటానికే దానిని బయటికి తీస్తారు. పాట వేగం ఆ కారు వేగమే అనుకుంటే, బేస్ ఎంత పొడుగ్గా ఉండాలో మీకే తెలుస్తుంది.

808 కిక్ శబ్దపు తోకను సాగదీసి దానినే బేస్‌గా వాడతారు. ఇక్కడ ఒక చిన్న లెక్క తప్పనిసరి. చివరలో మనం పాట వేగాన్ని టేపులా దించినప్పుడు శ్రుతి కూడా దిగుతుంది. మూడు సెమీటోన్లు (అర స్వరాలు) దిగితే, 55 హెర్ట్జ్ దగ్గర ఉన్న 'ఎ' స్వరం 46 దగ్గరకు చేరుతుంది. చాలా కార్లలో అది ఇంకా బాగానే మోగుతుంది. అదే మీరు 41 హెర్ట్జ్ 'ఇ' స్వరాన్ని ఆధారంగా పెట్టుకుని ఉంటే, అది 35 దాకా దిగిపోయి, మామూలు కారు స్పీకర్లలో శబ్దం పోయి అద్దాల అదురు మాత్రమే మిగులుతుంది. అందువల్ల పాటను 'ఎ' మైనర్‌లో పెట్టుకోండి.

808 బేస్, కిక్‌తో పాటే సరిగ్గా గ్రిడ్ మీద మొదలై, తరువాతి కిక్ రావడానికి కాస్త ముందే ఆగిపోవాలి. రెండు 808 తోకలు ఒకదాని మీద ఒకటి పడితే అడుగంతా బురదైపోతుంది. ఫోన్ స్పీకరులో 55 హెర్ట్జ్ ఎలాగూ వినిపించదు గనుక, 808 మీద కొద్దిగా శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) వేసి హార్మోనిక్స్, అంటే దాని పై స్వరాలను, పుట్టించండి. అప్పుడు ఫోన్‌లో వినేవారికి కూడా బేస్ కదలిక అర్థమవుతుంది.

గిటారు, ఆర్గాన్

రెండే రెండు కార్డ్‌లు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) చాలు: ఒక బార్ ఎ మైనర్ 7, ఒక బార్ డి 9. ఈ రెండింటి మధ్య పాట ఊయలలా ఊగుతుంది, ఎక్కడికీ చేరాలని తొందరపడదు. ఇందులోని స్వరాలను పాశ్చాత్యులు డోరియన్ అంటారు. కర్ణాటక సంగీతం తెలిసినవారికి అవి ఖరహరప్రియ స్వరాలే. హార్మోనియం లేదా కీబోర్డు మీద ఖరహరప్రియ వచ్చినవారు ఈ కార్డ్‌ల మీద వాయించే పలుకులను వెతుక్కోవలసిన పనే ఉండదు. గమకాల విషయంలో మాత్రం పొదుపు పాటించండి. చర్చి ఆర్గాన్ వాయించేవారు కింది స్వరం నుంచి పైకి చిన్నగా జారుతారు, అంతవరకే వాడుకోండి.

గిటారును వా-వా పెడల్ ద్వారా పంపి, తీగలను అరచేత్తో సగం నొక్కి, బార్‌లో రెండు మూడు చోట్ల మాత్రమే మీటాలి. గిటారు వాయించేవారికి ఖాళీ కనబడితే నింపాలనిపించడం సహజం. మీ స్నేహితుడు వాయిస్తుంటే నాలుగు బార్లు తీరిక లేకుండా వాయించనిచ్చి, ఆ తరువాత అందులో సగం తీసేయండి. అతని మనసు కాస్త నొచ్చుకున్నా పాట బాగుపడుతుంది. ఆర్గాన్ కోసం హామండ్ బి3 శబ్దాన్ని ఎంచుకుని, దాని లెస్లీ స్పీకరు తిరుగుడును నెమ్మది వేగంలో ఉంచండి. లెస్లీలో హారన్ నిజంగానే గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి శబ్దం అలలా దగ్గరకు వచ్చి దూరమవుతుంది. హుక్ (పల్లవి) మొదలయ్యే ముందు రెండు బీట్ల పాటు దానిని వేగవంతం చేసి మళ్లీ నెమ్మదికి తెస్తే, ఒక పెద్ద నిట్టూర్పులా ఉంటుంది. పాత రికార్డు నుంచి ముక్క తీసి వాడాలనిపిస్తే, రికార్డింగ్ హక్కుదారు, పాట హక్కుదారు ఇద్దరి అనుమతీ కావాలన్నది మరవకండి. సొంతంగా వాయించుకోవడమే సులువు, పింప్ సీ పాటల రుచికి దగ్గర కూడా.

మాటలు, గొంతు

టెక్సాస్ యాసలో అచ్చులు సాగుతాయి. మాట చివర హల్లు ఠక్కున ఆగడానికి బదులు, దాని ముందున్న అచ్చు బద్ధకంగా వాలుతుంది. ఈ విషయంలో తెలుగులో రాసేవారికి ఒక అనుకూలత ఉంది: మన మాటల్లో చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి, లాగడానికి ప్రతి చోటా చోటు దొరుకుతుంది. అదే సమయంలో ఒక ప్రమాదమూ ఉంది. సంధులు, పొడుగాటి క్రియారూపాలు కలిసి ఒక్కో బార్‌లో పద్దెనిమిది ఇరవై అక్షరాలు తేలిగ్గా చేరిపోతాయి, అప్పుడు ఎంత వెనక్కి వాలినా పరుగెత్తినట్టే వినిపిస్తుంది. బార్‌కు పది పదకొండు అక్షరాలను హద్దుగా పెట్టుకోండి. ఈ కింది నాలుగు పాదాలను పరీక్ష కోసం రాశాను, మీరు కూడా వాడి చూడవచ్చు.

ఎండ దిగినాకే బండి తీస్తా
అద్దం దించి ఊరు చుట్టి వస్తా
తొందరున్నోళ్లు ముందెళ్లనీ రా
దారెక్కడికీ పారిపోదు లేరా

మొదటి మూడు పాదాల్లో పదేసి అక్షరాలు, చివరి దానిలో పదకొండు ఉన్నాయి. మొదటి పాదాన్ని కిక్‌తో పాటు మొదలుపెట్టకుండా, ఒక గడి వదిలిపెట్టి మొదలుపెట్టండి. 'తీస్తా'లోని దీర్ఘాన్ని నాలుగో బీటు దాటించి, తరువాతి బార్ అంచు దాకా లాగండి. అప్పుడు రెండో పాదానికి ఊపిరి తీసుకునే వ్యవధి తగ్గి అది ఇంకాస్త ఆలస్యంగా మొదలవుతుంది, అలా ఆలస్యం ఒక పాదం నుంచి మరో పాదానికి దానంతట అదే చేరుతుంది. నాలుగో పాదంలోని అదనపు అక్షరం దానిని సరిచేసి తిరిగి తాళానికి తెస్తుంది.

రికార్డు చేసేటప్పుడు నిలబడకండి, కూర్చోండి. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి, గొంతు పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడే స్థాయిని దాటకూడదు. పాదం చివరి మాటలను మాత్రమే రెండోసారి రికార్డు చేసి కింద పలచగా కలపండి. హుక్‌ను ఒకరే మూడుసార్లు, మూడోసారి ఒక స్థాయి (ఆక్టేవ్) కింద పాడి పేరిస్తే చర్చి బృందగానపు ఛాయ వస్తుంది. వస్తువు విషయానికి వస్తే, ఈ పాటలన్నీ ఒట్టి విలాసమని అనుకోవద్దు. యూజీకే పాటల్లో కారు, రంగు, ఎండ ఎంత ఉన్నాయో, పోయిన స్నేహితులు, జైలు, డబ్బు దిగులు కూడా అంతే ఉన్నాయి. ఆ దిగులును గొంతు పెంచకుండా చెప్పడం వల్లనే దానికి బరువు వస్తుంది.

టేపును దించడం

ఇప్పుడు మీ పాట 84 వేగంలో పూర్తయింది. దానిని అలాగే ఉంచుకున్నా అది నింపాదిగానే ఉంటుంది. హ్యూస్టన్ టేపు రుచి కావాలంటే మాత్రం ఒక అడుగు ముందుకు వెళ్లాలి.

డీజే స్క్రూ రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్ల మీద మిక్స్ చేసి, దానిని క్యాసెట్ మీద ఎక్కించి, ఆ క్యాసెట్‌ను వేగం తగ్గించగల రికార్డర్‌లో తిప్పి మరో క్యాసెట్ మీదికి తీసేవాడు. అప్పట్లో డీజేలు విస్తారంగా వాడిన టెక్నిక్స్ 1200 టర్న్‌టేబుల్ మీద వేగాన్ని 8 శాతానికి మించి మార్చడం కుదరదు. అది ఒకటిన్నర సెమీటోన్‌కు కూడా చాలదు. అందుకే ఆ లోతు టేపు దశలోనే వస్తుంది. టేపు నెమ్మదించినప్పుడు వేగం, శ్రుతి రెండూ కలిసి దిగుతాయి: గొంతులు బరువెక్కుతాయి, స్నేర్ తోక సాగుతుంది, మాటల మధ్య ఊపిరి కూడా వినబడుతుంది.

మీరు చేయవలసిందల్లా, పూర్తయిన మిక్స్‌ను ఒక్క ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్త ప్రాజెక్టులో తెరిచి, వేగాన్ని 84.1 శాతానికి తగ్గించడం. రీపర్‌లో అయితే ఆ ఫైలు ప్లేబ్యాక్ రేటును 0.841 చేసి, శ్రుతిని అలాగే నిలిపి ఉంచే టిక్కును తప్పనిసరిగా తీసేయండి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చే ఎఫెక్ట్‌ను వాడండి. టెంపోను మాత్రమే మార్చే ఎఫెక్ట్ జోలికి వెళ్లకండి. శ్రుతిని అలాగే ఉంచి వేగం తగ్గిస్తే సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని ముక్కలు చేసి అతుకుతుంది, దానితో స్నేర్ చిల్లులు పడ్డట్టు వినిపిస్తుంది. ఇలా దించితే 84 వేగం 70.6 అవుతుంది, శ్రుతి మూడు సెమీటోన్లు దిగుతుంది. 15 మిల్లీసెకన్ల స్నేర్ ఆలస్యం దాదాపు 18 అవుతుంది, గొంతు ఆలస్యం 40కి పైబడవచ్చు. మీరు ఓపికగా పంచిన ఆలస్యాలన్నీ అదే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టే, ముందు ఊగే పాట ఇప్పుడు ఇంకా ఎక్కువ ఊగుతుంది. నా మొదటి పాటలో పెరగడానికి ఏ ఊపూ లేదు. సున్నాను ఎంత సాగదీసినా సున్నాయే కదా.

ఇక్కడ ఒక మాట దాటవేయడం నిజాయితీ కాదు. ఈ సంగీతపు మత్తును కోడీన్ ఉన్న దగ్గు మందుతో ముడిపెట్టి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు, పాటల్లోనూ ఆ ప్రస్తావన ఉంది. డీజే స్క్రూ 2000 నవంబరులో, 29 ఏళ్ల వయసులో, కోడీన్ మోతాదు మించి చనిపోయాడు. పింప్ సీ 2007 డిసెంబరులో, 33 ఏళ్లకే పోయాడు. నిద్రలో శ్వాస ఆగే జబ్బుకు ఆ దగ్గు మందు తోడవడమే కారణమని తేలింది. క్షేత్రయ్య పదాన్ని చౌక కాలంలో, అంటే బాగా నెమ్మదిగా, పాడేవారికి ఏ మందూ అవసరం కానట్టే, ఈ నెమ్మదికీ అవసరం లేదు. పైన చెప్పిన మిల్లీసెకన్లు ఆ పని చేస్తాయి.

కోత

స్క్రూ పద్ధతిలో రెండో సగం కోత. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, రెండోదానిని ఒక బీటు వెనక నడిపిస్తూ, రెండింటిలో ఏది వినిపించాలో మార్చే క్రాస్‌ఫేడర్ మీటను ఒక క్షణం అటు తోసి ఇటు లాగితే, అప్పుడే విన్న మాట మరోసారి వినిపిస్తుంది. తాళం మాత్రం చెడదు, ఎందుకంటే మొదటి రికార్డు ఆగకుండా తిరుగుతూనే ఉంది.

కంప్యూటరులో ఇది చాలా తేలిక. దించిన ఫైలును రెండు ట్రాక్‌లలో పెట్టి, రెండోదానిని సరిగ్గా ఒక బీటు, అంటే 850 మిల్లీసెకన్లు వెనక్కి జరపండి. మొదటి ట్రాక్ మోగుతుండగా, మళ్లీ వినిపించాలనుకున్న మాట ముగిసిన చోట దానిని ఒక బీటు పాటు ఆపి, ఆ ఒక్క బీటు రెండో ట్రాక్‌ను తెరవండి. కోసిన ప్రతి చోటా 5 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వకపోతే టిక్కుమనే శబ్దం వస్తుంది. పైన రాసిన రెండో పాదాన్ని నేను కోసినప్పుడు "అద్దం దించి, దించి, చుట్టి వస్తా, వస్తా" అయింది. 'ఊరు' అన్న మాట కోతలో పడి పోయింది గాని, అద్దం రెండుసార్లు దిగినట్టు అనిపించి అదే నచ్చి ఉంచేశాను. ప్రతి పాదాన్నీ కోయకండి. నాలుగు బార్లకు ఒకటి రెండు కోతలు చాలు, హుక్‌లో ఇంకొకటి ఎక్కువైనా ఫర్వాలేదు. ఎక్కడ కోయాలో గళ్లు చూసి నిర్ణయించడం కంటే, పాట నడుస్తుండగా మ్యూట్ మీటలను చేత్తో నొక్కుతూ రికార్డు చేయడమే మంచిది, పొరపాట్లతో సహా.

మిక్స్, కారు పరీక్ష

మిక్స్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. దించడానికి ముందే కిక్, 808 తప్ప మిగతా ట్రాక్‌లన్నింటిలో 100 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేయండి, 808ను మోనోలో ఉంచండి, పాట అత్యధిక స్థాయి సున్నాకు 6 డెసిబెల్స్ తక్కువలో ఆగేలా చూడండి. వేగం దించాక పై శబ్దాలు వాటంతట అవే మెత్తబడతాయి, వాటిని తిరిగి మెరిపించాలని ప్రయత్నించకండి.

చివరి పరీక్ష కారులోనే చేయాలి. నేను హెడ్‌ఫోన్లను నమ్మి 808ను పెంచేసి, మా బావగారి కారులో పెట్టి వినిపించాను. మొదటి కిక్‌కే డాష్‌బోర్డు మీది వినాయకుడు ఒక అంగుళం పక్కకు జరిగాడు, రెండో కిక్‌కు ఎడమ తలుపు లోపలి ప్లాస్టిక్ టకటకలాడటం మొదలుపెట్టింది. "పాట బాగుంది గానీ తలుపు ఊడిందంటే బాగు చేయించేది నువ్వే" అన్నారాయన. మీరు కూడా ఎండ దిగాక ట్రాఫిక్ లేని రోడ్డు మీద ముప్పై కిలోమీటర్ల వేగంతో వెళుతూ ఒకసారి వినండి. తరువాత బండి పక్కకు ఆపి, దిగి, తలుపులు మూసి, పది అడుగుల దూరంలో నిలబడి మరోసారి వినండి. బయటికి 808తో పాటు స్నేర్ కూడా కాస్త వినబడాలి. 808 ఒక్కటే వినబడుతుంటే ఇంటికి వెళ్లి, అసలు ప్రాజెక్టు తెరిచి, దానిని 2 డెసిబెల్స్ తగ్గించి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, మళ్లీ దించండి.